కూనూరు ఎలుకల డాక్టరు: సర్ రాబర్ట్ మెక్‌కారిసన్

(ద్వితీయ బి.ఎస్సి. విద్యార్థి)

ఎలుక రైతుకు ఆగర్భ శత్రువు. గాదెలో గింజనూ చేలో కంకినీ బొరియకు చేరవేసి మన నోటికాడి కూడు లాగేసుకునే జీవి అది. గట్ల వెంట బొరియలు తవ్వడం, పొగబెట్టడం, ఎరమందు పెట్టడం పలనాటి పల్లెల్లో ఏ కుర్రవాడికీ కొత్త కాదు. అటువంటి ఎలుకలను వందల కొద్దీ పోషించి, వాటికి వెన్న రాసిన రొట్టె, పచ్చి కూరలు, పాలు పెట్టి, వాటి దరికి రోగం రాకుండా కాపాడిన డాక్టరు ఒకాయన ఉన్నాడంటే మనవాళ్లు నవ్వుతారు. కాని ఆ ఎలుకలు మన దేశానికి నేర్పిన పాఠం మాత్రం నవ్వులాట కాదు. ఆ డాక్టరు పేరు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు ఆయనే మూలపురుషుడు.

తొలి రోజులు

మెక్‌కారిసన్ 1878 మార్చి 15న ఐర్లండు ఉత్తర భాగంలోని పోర్టడౌన్ అనే ఊళ్లో జన్మించాడు. బెల్‌ఫాస్టు క్వీన్స్ కాలేజీలో వైద్యం చదివి 1900 లో పట్టా పుచ్చుకున్నాడు. ఇండియన్ మెడికల్ సర్వీసుకు ఎంపికై, సరిగ్గా తన ఇరవై మూడో పుట్టినరోజున ఓడ ఎక్కి మన దేశానికి బయలుదేరాడు. ఇంచుమించు మన వయసే! ఆ వయసులో ఆయనకు దొరికిన మొదటి ఉద్యోగం కలకత్తాలోనో మద్రాసులోనో కాదు. హిమాలయాలకు ఆవల, హిందూకుష్ కొండల మధ్యనున్న చిత్రాల్‌లో ఒక పటాలానికి డాక్టరు పని.

అక్కడి సిపాయిలకు ఏటా వేసవిలో మూడు రోజులు కాసి పోయే జ్వరం ఒకటి వస్తుండేది. అందరూ అది మామూలే అని ఊరుకునేవారు. మెక్‌కారిసన్ ఊరుకోలేదు. ఎప్పుడు వస్తోంది, ఎవరికి వస్తోంది, అప్పుడు ఏ పురుగు ఎక్కువగా ఉంటోంది అని లెక్కలు రాసుకుని, ఇది ఇసుక ఈగ పని అయి ఉంటుందని అనుమానించాడు. అది నిజమేనని శాస్త్రలోకం తరువాత ఒప్పుకున్నది. పెద్ద ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. ఉన్నవల్లా రెండు కళ్లు, ఒక నోటు పుస్తకం.

గిల్గిట్ కాలువ

తరువాత ఆయనను గిల్గిట్‌కు మార్చారు. అక్కడ గొంతువాపు, అనగా గాయిటర్, ఇంటింటా కనబడేది. ఒకే కాలువ వెంట ఒకదాని కింద ఒకటిగా గ్రామాలున్నాయి. పై ఊరివాళ్లు స్నానాలు చేసి, గొడ్లను కడిగిన నీళ్లే కింది ఊరివాళ్లు తాగేవారు. కాలువ కిందికి పోయేకొద్దీ గొంతువాపు పెరుగుతూ పోవడం ఆయన గమనించాడు. పంట కాలువ నీళ్లు తాగి పెరిగిన మనలాంటివాళ్లకు ఇది విడమర్చి చెప్పనవసరం లేదు.

దీన్ని రుజువు చేయడానికి ఆయన చేసిన పని సాహసమే. ఆ నీళ్లను వడగట్టగా మిగిలిన మడ్డిని తానూ తాగి, ఒప్పుకున్న మరికొందరి చేతా తాగించాడు. కొందరికి గొంతు వాచింది. మరిగించిన మడ్డి తాగినవాళ్లకు రాలేదు. కాబట్టి గొంతువాపు సూక్ష్మజీవుల వలన వచ్చేదేనని ఆయన తీర్మానించాడు. నేడు మనకు తెలిసినది వేరు. గాయిటర్‌కు ప్రధాన కారణం నేలలో, నీటిలో అయోడిన్ లేకపోవడం. మలిన జలం ఆ లోపాన్ని మరింత పెంచవచ్చునేమో గాని మూలం అది కాదు. గొప్పవాడు గనుక అన్నీ సరిగ్గానే చెప్పాడని రాస్తే అది జీవిత చరిత్ర కాదు, స్తోత్రపాఠం. ఆయన రోగాన్ని మొదట క్రిమి వైపు నుంచి చూశాడనీ, జీవితంలో మిగతా సగం తిండి వైపు నుంచి చూశాడనీ మనం గుర్తుంచుకోవాలి. ఈ రెండు చూపుల నడుమ ఉన్న తగవే ఆయన కథ.

తిండి వైపు ఆయన దృష్టి మళ్లడానికి కూడా గిల్గిట్టే కారణం. ఆ పక్కనే ఉన్న హుంజా లోయలోని జనం కొండలు ఎక్కడంలో, ఆరోగ్యంలో ఆయనను ఆశ్చర్యపరిచారు. పొట్టు తీయని ధాన్యం, పాలు, కూరలు, ఆప్రికాట్ పళ్లు వారి ఆహారం. పక్క లోయలవాళ్లకున్న జబ్బులు వీరికి లేవేమి అన్న ప్రశ్న ఆయన మనసులో నాటుకుపోయింది.

కూనూరులో ఒక్క గది

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక సేవ ముగించుకుని 1918 లో ఆయన నీలగిరులలోని కూనూరుకు వచ్చాడు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గది ఇచ్చారు. పేరు బెరిబెరి పరిశోధన విభాగం. బెరిబెరి అనేది మరపట్టిన తెల్లబియ్యం మీదనే బతికేవాళ్లకు కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతినే వ్యాధి. బియ్యపు పై పొరలోని థయామిన్, అంటే బి-1 విటమిన్, తవుడుతో పాటు పోవడమే దానికి కారణమని నేడు మన పాఠ్య పుస్తకాల్లోనే ఉన్నది. అప్పటికి విటమిన్ అన్న మాట పుట్టి పదేళ్లు కూడా కాలేదు.

ఆ ఒక్క గదిలో పావురాలు, కోతులు, ఎలుకలతో ఆయన పని సాగించాడు. 1921 లో లోపవ్యాధుల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. విటమిన్లు చాలని తిండి తిన్న జంతువుకు ఒక్క నరాలే కాదు, కడుపు, పేగులు, గ్రంథులు అన్నీ చెడిపోతాయనీ, లోపల కాపలా తగ్గగానే క్రిములు జొరబడతాయనీ అందులో చూపాడు. ఇంతలో 1923 లో ప్రభుత్వం పొదుపు పేరిట ఆ విభాగాన్నే మూసివేసింది. మనిషి తిండి మీద పరిశోధనకు డబ్బు లేదన్నమాట! రెండేళ్లకు, 1925 లో మళ్లీ తెరిచారు. 1928 లో అదే న్యూట్రిషన్ రీసెర్చి లేబొరేటరీస్ అయింది. మెక్‌కారిసన్ దానికి తొలి డైరెక్టరు.

జబ్బెరుగని ఎలుకలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రయోగాలకు ఎలుకలు కావాలి. ఎలుకలను పెంచడం సులువని బయటివాళ్లు అనుకుంటారు. ఆ రోజుల్లో ఏ దేశపు ప్రయోగశాలలోనైనా ఎలుకల ఇల్లంటే రోగాల పుట్టే. ఊపిరితిత్తుల జబ్బు లేని ముసలి ఎలుక ఉండేది కాదు. ఒకటి తుమ్మితే నెల తిరిగేలోపు గది అంతా తుమ్మేది. ప్రయోగం సగంలో ఉండగా ఎలుక చచ్చిపోతే అది మనం పెట్టిన తిండి వలన చచ్చిందా, వచ్చిన రోగం వలన చచ్చిందా? చెప్పేదెవరు? ఏళ్ల శ్రమ బూడిదపాలే. కనుక ఎలుకను ఆరోగ్యంగా ఉంచడమన్నది దయాధర్మం మాత్రమే కాదు, శాస్త్రానికి పునాది.

కూనూరు స్టాకు ఎలుకలకు మెక్‌కారిసన్ పెట్టిన తిండి పంజాబు సిక్కు రైతు తిండి. పొట్టు తీయని గోధుమ పిండి రొట్టెకు పలుచగా వెన్న, మొలకెత్తిన శెనగలు, కావలసినంత పచ్చి క్యాబేజీ, క్యారెట్టు, కాచని పాలు, వారానికి ఒకసారి ఎముకతో కూడిన కొద్దిపాటి మాంసం, పుష్కలంగా నీళ్లు. దీనికి తోడు మంచి గాలి, ఎండ, శుభ్రమైన బోనులు. అలా పెంచిన దాదాపు వెయ్యి ఎలుకలలో రెండేళ్లకు పైగా జబ్బన్నది కనబడలేదు. పెద్దవాటిలో సహజ మరణం లేదు. ఏవో కొన్ని ప్రమాదాలు తప్పిస్తే పిల్లల చావులు లేవు. ఎలుకకు రెండేళ్లంటే మనిషికి యాభై ఏళ్ల కింద లెక్క. చచ్చిన వాటినీ చంపిన వాటినీ కోసి లోపలి అవయవాలను పరీక్షించి మరీ ఆయన ఈ మాట చెప్పాడు.

అదే గాలి, అదే ఎండ, అదే పనివాళ్లు. తిండి ఒక్కటే మార్చి మరికొన్ని ఎలుకలను పెంచాడు. ఇంగ్లండులోని బీదలు తినే తెల్ల రొట్టె, మార్గరిన్, చక్కెర వేసిన టీ, ఉడికించిన కూర, డబ్బా మాంసం, జామ్ వాటి ఆహారం. అవి గిడసబారిపోయాయి. ఒకదానినొకటి కొరుక్కున్నాయి. అరవయ్యో రోజు వచ్చేసరికి బలమైనవి బలహీనమైన వాటిని చంపి తినడం మొదలుపెట్టాయి. ఊపిరితిత్తుల జబ్బు, కడుపు జబ్బు వాటిని పట్టుకున్నాయి. తన దేశపువాళ్ల తిండినే బోనులో పెట్టి పరీక్షించి, ఫలితాన్ని దాచకుండా తన దేశంలోనే చెప్పిన నిజాయితీ ఆయనది.

ఏడు ప్రాంతాల పళ్లెం

ఇంకొక ప్రయోగంలో మన దేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాన్ని వేరు వేరు ఎలుకల గుంపులకు పెట్టి చివరకు తూచాడు. సిక్కు తిండి తిన్నవి సగటున 235 గ్రాములు, పఠాను తిండివి 230, మహారాష్ట్ర తిండివి 225, గూర్ఖా తిండివి 200, కన్నడ తిండివి 185, బెంగాలీ తిండివి 180. అన్నింటికన్నా అట్టడుగున మద్రాసు తిండివి 155 గ్రాములు. అప్పుడు మన గుంటూరు జిల్లా కూడా మద్రాసు రాజధానిలోని భాగమే సుమా! కడుపులో పుండ్లు కూడా మద్రాసు తిండి తిన్న ఎలుకల్లో పదింట ఒకదానికి పైగా, కర్రపెండలం ఎక్కువగా ఉండే తిరువాన్కూరు బీదల తిండి తిన్న వాటిలో నాలుగింట ఒకదానికి పైగా కనబడ్డాయి. సిక్కు తిండి తిన్న వాటికి లేవు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ లెక్క చూసి ఉత్తరాదివాడు గొప్పవాడు, దక్షిణాదివాడు తక్కువవాడు అని అనుకునే ప్రమాదం ఉన్నది. ఆ రోజుల్లో దొరలు కొందరు అలాగే మాట్లాడారు కూడా. కాని ఈ ఎలుకలన్నీ ఒకే స్టాకులో పుట్టినవి. జాతిలో తేడా లేదు, పళ్లెంలోనే తేడా. నిజానికి ఈ ప్రయోగం జాతి గొప్పతనపు వాదానికే దెబ్బ. మరపట్టిన బియ్యం, దాని మీద చాలీచాలని పప్పు, పాలు కూరలు లేని పళ్లెం. ఇది దరిద్రం వండిన వంట గాని దక్షిణాది వండినది కాదు.

రైతు బిడ్డలకు ఆసక్తి కలిగించే పని ఇంకొకటి కూడా ఆయన చేశాడు. కోయంబత్తూరు వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు బి. విశ్వనాథ్‌తో కలిసి, పశువుల ఎరువుతో పండించిన చిరుధాన్యానికీ రసాయనిక ఎరువుతో పండించిన దానికీ పోషక విలువలో తేడా ఉన్నదా అని పరీక్షించి 1926 లో ఫలితాలు ప్రకటించాడు. పశువుల ఎరువు వేసినదే మెరుగని వారు తేల్చారు. తరువాతి శాస్త్రజ్ఞులందరూ దీనిని ఒప్పుకోలేదు. అయినా పుట్టెడు గింజలు పండాయా అని మాత్రమే అడిగే రోజుల్లో, ఆ గింజలో ఏముందని అడిగిన మొదటివారిలో వీరిద్దరూ ఉన్నారు.

1933 లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1935 లో ఉద్యోగ విరమణ చేసి ఆక్స్‌ఫర్డులో స్థిరపడ్డాడు. 1936 లో లండనులో పోషణ, జాతి ఆరోగ్యం అనే విషయం మీద ఇచ్చిన ఉపన్యాసాలు పేరు పొందాయి. మన బడి పిల్లల కోసం ఆహారం మీద తేలిక ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా రాశాడు. 1960 మే 18న కన్నుమూశాడు. దానికి రెండేళ్ల ముందే, 1958 లో, ఆయన నెలకొల్పిన ప్రయోగశాల కూనూరు కొండ దిగి హైదరాబాదు చేరింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ.

తిండి ఒక్కటే చాలునా?

ఇక్కడ ఒక ప్రశ్న అడగక తప్పదు. మంచి తిండి పెడితే ఎలుకకు రోగమే రాదా? మెక్‌కారిసన్ ఎలుకలను చూస్తే అవుననిపిస్తుంది. కాని ఆయన కాలంలోనే ఇంగ్లండులో టాప్లీ, గ్రీన్‌వుడ్ అనే ఇద్దరు చిట్టెలుకల గుంపుల్లో అంటురోగాలు ఎలా పాకుతాయో ఏళ్ల తరబడి పరిశీలించారు. కొత్త చిట్టెలుకలను గుంపులోకి చేరుస్తున్నంత కాలం రోగం ఆరిపోదని వారు చూపారు. 1930 లో లండనులోనే చిట్టెలుకల మశూచి వంటి ఎక్ట్రోమీలియా అనే వైరస్ వ్యాధి బయటపడింది. అది ఒకసారి జొరబడితే ఎంత మేపినా కొన్ని జాతుల చిట్టెలుకలు గుంపుగా రాలిపోతాయి.

మన దొడ్లో సంగతి చూడండి. సంతలో కొన్న కోడిని తెచ్చి ఆ సాయంత్రమే మన కోళ్లతో కలిపి గంప కింద మూస్తే, వారం తిరక్కముందే కొక్కెర తెగులు గంపను ఖాళీ చేస్తుంది. మన కోళ్లు ఎంత బలిసినవైనా సరే. కొత్త గొడ్డును కొన్నాళ్లు విడిగా కట్టేయమని మన పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. నేటి ప్రయోగశాలల్లో చిట్టెలుకలకు చేసేది ఈ పెద్దల మాటనే, కాకపోతే మరింత పట్టుదలతో. బయటినుంచి వచ్చిన వాటిని వేరే గదిలో వారాల తరబడి ఉంచుతారు. దానా, పరుపు, నీరు, బోను అన్నీ ఆవిరిలో శుద్ధి చేస్తారు. గాలిని వడగట్టి లోపలికి పంపుతారు. పనివాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి వెళతారు. శుభ్రమైన గదిలోంచి మైల గదికే పోవాలి గాని తిరిగి రాకూడదు. రోగమున్న జాతిని కాపాడాలంటే తల్లి కడుపు కోసి పిల్లలను తీసి, రోగం లేని వేరే తల్లి దగ్గర పెంచుతారు. రోగం గర్భాన్ని దాటి పిల్లకు చేరకపోతే ఈ ఉపాయం ఫలిస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చినది కాపలా ఎలుకల పద్ధతి. రోగం లేదని తెలిసిన కొన్ని ఎలుకలను ఆ గదిలోనే ఉంచి, మిగతా బోనుల్లోని వాడిన పరుపును కొంచెం కొంచెం వాటి బోనులో వేస్తారు. కొన్ని వారాలకొకసారి వాటి రక్తం పరీక్షిస్తారు. పరుపు ద్వారా పాకే వైరస్‌లు గదిలో తిరుగుతుంటే ఆనవాళ్లు చాలావరకు వాటి రక్తంలో దొరుకుతాయి. ఎందుకంటే చిట్టెలుకల హెపటైటిస్ వైరస్ వంటివి పెద్ద చిట్టెలుకలో చాలాసార్లు జబ్బుగా బయటపడవు. జంతువు హాయిగా తింటుంది, తిరుగుతుంది. లోపల మాత్రం దాని రోగనిరోధక శక్తి తారుమారై ప్రయోగ ఫలితం తప్పుతుంది. రోగం కనబడకపోవడం వేరు, రోగం లేకపోవడం వేరు. కంటితో చూసి, కోసి చూసి చెప్పే కాలంలో పని చేసిన మెక్‌కారిసన్‌కు ఈ తేడా పట్టుకునే సాధనాలు లేవు.

మరి ఆయన చెప్పింది తప్పా? తప్పు కాదు, సగం. క్రిమి గడప దాటకుండా చూడడం ఒక సగం. దాటిన క్రిమిని ఎదిరించే ఒళ్లు ఉండడం రెండో సగం. ఒకే గదిలో, ఒకే గాలిలో ఉన్న ఎలుకల్లో తెల్ల రొట్టె తిన్నవి దగ్గుతుంటే పాలు, కూరలు తిన్నవి దగ్గలేదన్న సత్యం నేటికీ చెక్కు చెదరలేదు. పైగా జంతుశాల శాస్త్రంలో దానా నాణ్యత మొదటి అధ్యాయాల్లో ఒకటి కావడానికి ఆయన వంటి వారే కారణం.

కూనూరు తెల్ల ఎలుకల వంశం ఇంకా ఉన్నది. 1920ల నుంచి ఈ సంస్థలో పెంచుతూ వచ్చిన విస్టార్ ఎలుకలు నేడు సంస్థ పేరుతోనే ప్రపంచంలో గుర్తింపు పొందాయి. వాటిలోనే 1990లలో పుట్టుకతో స్థూలకాయమున్న ఎలుకలు కనబడితే, వాటి మీద మధుమేహ పరిశోధనలు జరిగాయి. ఆకలి రోగాలు తెలుసుకోవడానికి తెచ్చిన వంశం అతి తిండి రోగాలకూ పనికి వచ్చింది! దేశంలోని ప్రయోగశాలలకు ఆరోగ్యమైన జంతువులను పెంచి ఇవ్వడం, పెంచేవాళ్లకు శిక్షణ ఇవ్వడం కూడా ఈ సంస్థ చేపట్టిన పనులలో ఒకటి. ఇప్పుడు ఏ జంతువును ముట్టుకోవాలన్నా నైతిక సంఘం అనుమతి కావాలి. అది మంచి మార్పు. మూగజీవి ఇచ్చిన జ్ఞానానికి మనం కట్టే కనీసపు పన్ను అది.

పలనాటికి ఏమి చెప్పాడు?

మన సీమను జొన్నకూటి సీమ అని శ్రీనాథుడంతటివాడు ఎగతాళి చేశాడని చెప్పుకుంటాం. సన్నబియ్యం దొరకలేదని ఆయన బాధ. 1955 లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, 1967 లో కుడి కాలువకు నీళ్లు వదిలాక ఆ బాధ తీరింది. మాగాణి వచ్చింది. జొన్న సంకటి, కొర్రన్నం తినే ఇళ్లలో తెల్లన్నం వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. మా తాతల తరం ఆకలి ఎరిగిన తరం, తెల్లన్నం వారికి మర్యాద. దాన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు. జొన్నే అమృతమని అనడానికీ వీల్లేదు. జొన్న ఒక్కటే తిని బతికే బీదల్లో పెల్లగ్రా అనే చర్మవ్యాధి వస్తుందని 1960 లో హైదరాబాదులోని ఇదే సంస్థవారు చూపారు.

కాని మెక్‌కారిసన్ ప్రశ్న మన గుమ్మంలో నిలబడే ఉన్నది. అన్నం పక్కన ఏముంది? మిర్చి, పత్తి అమ్మిన డబ్బుతో మరపట్టిన బియ్యం కొంటున్నాం. తెల్లవారకముందే పాలు కేంద్రానికి పోతాయి, ఇంట్లో పిల్లలకు మిగిలేది టీ నీళ్లు. మన చేలోని ఆకుకూర మన పళ్లెంలో లేదు. హాస్టళ్లలో చదివే మనలో చాలామందికి రెండు పూటలా తెల్లన్నం, పలుచని సాంబారు, పచ్చడి. ఇది చూస్తుంటే కూనూరులో 155 గ్రాముల దగ్గర ఆగిపోయిన ఎలుకల గుంపే గుర్తుకు వస్తుంది. మన దొడ్లో గేదెకు తవుడు, మనకు తవుడు పోయిన బియ్యం! గేదెకు మనం మంచిదే పెడుతున్నాం, అందులో సందేహం లేదు.

మెక్‌కారిసన్ చెప్పిన పళ్లెంలో ఖరీదైన వస్తువు ఏదీ లేదు. పొట్టు పోని ధాన్యం, మొలకెత్తిన గింజ, పచ్చి కూర, కాసిని పాలు. పలనాటి రైతు వీటిలో చాలామట్టుకు పండిస్తాడు, లేదా పండించగలడు. అమ్మగా మిగిలినది తినడం కాక, తినగా మిగిలినది అమ్మడం నేర్చుకుంటే చాలు. పేరు పొందాలంటే పెద్ద ప్రయోగశాల కావాలని అనుకునే మిత్రులు ఆయన ఒక్క గదినీ నోటు పుస్తకాన్నీ తలచుకోవాలి. తీర్మానం తప్పినా పరిశీలన వృథా కాదని గిల్గిట్ కాలువ చెబుతుంది. మన కాలేజీ జంతుశాస్త్ర ల్యాబులో బోను పట్టుకునేటప్పుడు, అందులోని ప్రాణి ఆరోగ్యంగా ఉన్నదా, దానికి సరైన తిండి అందుతోందా అని ఒక్కసారి చూసుకుంటే ఆ కూనూరు డాక్టరుకు అంతకు మించిన శ్రద్ధాంజలి ఉండదు.